కొరడాకు పెట్టిన నూనె

వైశాఖం. గోదావరి చిక్కిపోయి, ఇసుకలోంచి బండ్లు దాటే రోజులు. పోలీసు చర్య తర్వాత వచ్చిన మూడో ఎండాకాలం. నదికి ఇవతల, కరీంనగర్ జిల్లా కొసన, కొండల్‌రావు దొర గడీలో పెండ్లి పనులు సాగుతున్నాయి. వెనక వసారాలో తెల్లవారకముందు నుంచి పసుపు దంచుతున్నారు. రోటి దగ్గర ఉన్న ఐలవ్వకు నడుము పట్టేసింది. అది ఆమెకు కొత్త కాదు. నడుము నొప్పి లేని రోజు ఎప్పుడుండేదో గుర్తు తెచ్చుకోవడమే కష్టం.

ఐలవ్వ ఆ గడీలో ఆడబాప. దొరల బిడ్డ అత్తగారింటికి పోయేటప్పుడు బిందెలూ పరుపులూ పాడి ఆవులతో పాటు వెంట పంపే ఆడమనిషిని ఆడబాప అంటారు. దొరసాని కట్టి విడిచిన చీర కడుతుంది. తిని విడిచిన కూడు తింటుంది. దొరసానికి ఒంట్లో బాగాలేని దినాల్లో దొర పడక కూడా ఆమె పనుల్లోకే వస్తుంది. ఆమెకు పెండ్లి ఉండదు, పిల్లలుంటారు. ఆ పిల్లలకు తండ్రి ఉండడు, గడీ ఉంటుంది.

కొండల్‌రావు పెండ్లాం వెంట వచ్చింది ఐలవ్వ. ఆ దొరసాని ఒక బిడ్డను కని, నాలుగేండ్లకు కాలం చేసింది. ఆమె వెంట వచ్చిన సామాను మాత్రం మిగిలిపోయింది. అందులో ఐలవ్వ కూడా ఉంది. ఐలవ్వకు నర్మద అని పద్నాలుగేండ్ల కూతురు. నర్మద ముక్కు అచ్చం కొండల్‌రావు ముక్కే. ఆ సంగతి గడీలో అందరికీ తెలుసు, కంటికి మాత్రం ఒక్కరికీ ఆనదు.

ఇప్పుడు పెండ్లి దొర బిడ్డ ప్రమోదినికి. భైంసా పక్కన పత్తిచేన్లున్న దొరల ఇంటికి కోడలుగా పోతోంది. వెంట పోవలసింది నర్మద.

"ఐలీ! పసుపు ఇడిసిపెట్టి ఇటు రా."

పిలిచింది జానకీబాయి, దొర తల్లి. కోడలు పోయిన దగ్గర్నుంచి గడీ తాళంచెవులన్నీ ఆమె నడుముకే వేలాడుతున్నాయి. దర్వాజ దగ్గర నిలబడి, చీరకొంగు అడ్డం పెట్టుకుని, చచ్చిన పామును పట్టుకున్నట్టు ఒక కొరడాను పట్టుకుని ఉంది.

"సూసినవా? కట్టె లెక్క అయింది. ఈ కొస పట్టి వంచితె పటుక్కుమంటది."

ఐలవ్వ చూసింది. దున్నతోలు కొరడా. ఎనిమిది పాయల అల్లిక, టేకు పిడి. కొత్తలో గోధుమ రంగులో ఉండేదట. ఎన్నో చేతుల చెమటా ఎన్నో ఏండ్ల నూనే తాగి, బెల్లం రంగుకు తిరిగి, ఆ తర్వాత చింతపండు రంగుకు వచ్చింది. నెలనెలా అమావాస్యకు దాన్ని దించి, తుడిచి, నూనె పట్టించే పని ఐలవ్వదే. ఎర్రజెండా సంగపోళ్లకు భయపడి దొరలు హైద్రాబాదుకు పారిపోయిన నాలుగేండ్లూ కొరడా చిలుకకొయ్యకు వేలాడింది. నూనె పెట్టమని అడిగేవాళ్లు లేరు. ఐలవ్వ పెట్టలేదు. ఆమె జన్మలో చేసిన తిరుగుబాటంతా అంతే. ఒక పని చేయకుండా ఊరుకుంది.

"మా ఇంట్ల అల్లునికి కొరడా ఇచ్చే రివాజున్నది," అంది జానకీబాయి. "పల్లెంల వెండి గిన్నెల పక్కకు గీ ఎండుకట్టె పెడితె భైంసోళ్లు నవ్వరా? మూడు దినాలున్నయి. ఎప్పటి లెక్క చెయ్యి."

ఐలవ్వ కొరడా అందుకుంది. పోవలసింది, పోలేదు. ఇరవై ఏండ్లలో ఏదీ అడగని మనిషి నోరు తెరవడానికి కాస్త సమయం పట్టింది.

"దొరసానీ, నీ బాంచెను. నా పోరిని పంపకుండ్లి."

జానకీబాయి ఆమెను కిందినుంచి మీదిదాకా చూసింది. బాగా పాలిచ్చే బర్రె ఉన్నట్టుండి మాట్లాడితే ఎట్లా చూస్తారో అట్లా.

"గది మెత్తబడి మల్లెతీగ లెక్క నా చేతిల వంగాలె. వంగితె నీ పోరి ఈడనే ఉంటది. పో."

*

పొద్దు నడినెత్తికి రాకముందే ఐలవ్వ వెనక ప్రహరీ దగ్గరికి పోయి పర్శరాములును పిలిపించింది. తోలుపని పర్శరాములుది. ఊరి మోటబొక్కెనలూ చెప్పులూ అన్నీ అతని చేతివే. ఈ కొరడా అల్లింది అతని తండ్రి. పర్శరాములు గోడ అవతలే నిలబడి కొరడాను చూశాడు. చేతులు మాత్రం చాపలేదు.

"నేను ముట్ట, చెల్లె. వెట్టి బందయిందని పట్వారే సదివి ఇనిపిచ్చిండు."

"మీకు బందయింది, అన్నా. మాకు ఎవ్వలు సదివి ఇనిపియ్యలే."

పర్శరాములు తల వంచుకున్నాడు. సిగ్గుపడినప్పుడు మగవాళ్లు చేసేదే చేశాడు, సలహా చెప్పాడు. "ఎండల పెట్టకు, పగులుతది. తడిగుడ్డతోటి తుడిసి నీడకు ఆరనియ్యి. ఆముదంల జర కొవ్వు కరగబెట్టి, గోరెచ్చగ ఉన్నప్పుడు పట్టియ్యి. పిడికాడికెల్లి కొసకు, ఒక్కదిక్కే రుద్దు. ఎదురు రుద్దితె పాయలు లేస్తయి. రెండు గడియలు ఆగు. తాగినంత తాగి మిగిలింది పైకి కక్కుతది. కక్కినంక మల్ల పొయ్యకు, కుళ్లుతది."

"కక్కకుంటె?"

"కక్కకుంట ఏ తోలుంటది?" అన్నాడు పర్శరాములు. మోదుగాకులో చుట్టిన కొవ్వు ముద్ద గోడమీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు.

గొడ్లకొట్టం పక్కన పాత వడ్లకొట్టు ఉంది. ఐలవ్వ అందులో చేరింది. బయట ఎండకు గోడల సున్నం పెళ్లలు పెళ్లలుగా లేస్తోంది. లోపల చల్లగా, మసకగా, పాత పొట్టు వాసన. తడిగుడ్డతో పిడి దగ్గర మొదలుపెట్టి తుడిచింది. ముందు దుమ్ము వచ్చింది. తర్వాత బూజు. ఆ తర్వాత గుడ్డ ఎర్రబడింది. తోలు ఊనడానికి వేసిన తంగేడు చెక్క రంగు అది, ఇంకేం కాదు అనుకుంది. గుడ్డ పిండి మళ్లీ తుడిచింది. మళ్లీ ఎరుపే.

కొస నుంచి జానెడు దూరంలో ఒక పాయ తెగి ఉంటుంది. తెగినచోట కొత్త తోలు వేసి అల్లారు. అది శంకరవ్వ నాడు తెగింది.

శంకరవ్వ జానకీబాయి ఆడబాప. ఆమె పుట్టినింటి నుంచి ఆమె వెంటే వచ్చింది. ఐలవ్వకు ముందు కొరడాకు నూనె పెట్టింది ఆమే. పట్టించడం నేర్పింది కూడా ఆమే. ఒకసారి, అవతలి ఊళ్లో తల్లి చావుబతుకుల్లో ఉందని తెలిసి, అడక్కుండా బయల్దేరింది. అడిగితే పంపరని ఆమెకు తెలుసు. గోదావరి ఒడ్డున పట్టుకుని తెచ్చారు. వెనక వాకిట్లో, మిట్టమధ్యాహ్నం, కొండల్‌రావు తండ్రి పెద్దదొర కొట్టాడు. జానకీబాయి అరుగు మీద కూర్చుని లెక్కబెట్టింది. లెక్క అయిపోయాక పెద్దదొరకు చెమటలు పట్టాయని ఆమె విసనకర్ర తెప్పించింది. శంకరవ్వ ఆరోజే చావలేదు. మూడో రోజు దాకా గొడ్లకొట్టంలో బోర్లా పడుకుని ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఐలవ్వ వీపుకు ఆముదం రాసింది. కొరడాకు రాసేదీ ఆ ఆముదమే. గడీలో ఆముదం ఒక్కటే రకం.

కరిగిన కొవ్వు గోరువెచ్చన కాగానే ఐలవ్వ వేళ్లతో అద్ది రుద్దసాగింది. పిడి నుంచి కొసకు. ఒకే దిక్కు. పగుళ్లలోకి బొటనవేలితో నూనె తోసింది. రెండు గడియలు ఆగి చూసింది. తోలు పొడిగా ఉంది. కక్కలేదు. మళ్లీ రుద్దింది. ఆగింది. పొడిగానే ఉంది. పొద్దు వాలేసరికి గిన్నె అడుగంటింది.

నాలుగేండ్ల ఆకలి గదా, తాగుతోంది అనుకుంది. భయపడటానికి కూడా కొంచెం తీరిక కావాలి. ఐలవ్వకు లేదు. వంటింట్లో ఇంకా ఇరవైమంది ఎంగిలి గిన్నెలున్నాయి.

*

రెండోరోజు మధ్యాహ్నం గడీ అంతా పడుకుంది. పెండ్లి ఇల్లయినా ఆ వేళకు ఎవరూ కదలరు. కాకి అరవదు. కుక్కలు తొట్టి కింద నాలుక చాపి పడి ఉంటాయి. వడ్లకొట్టు మధ్యలో ఉన్న గుంజకు కొరడాను ఒక చుట్టు చుట్టి, రెండు కొసలూ పట్టుకుని ఐలవ్వ ఇటూ అటూ లాగుతోంది. తోలు బెట్టు విడవాలంటే అట్లా లాగాలి. లాగినప్పుడల్లా కిర్రుమంటోంది. మొదట్లో తోలు చప్పుడే. కాసేపటికి ఆ చప్పుడుకు ఒక వరస వచ్చింది. లాగినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి... ముక్కుతున్నట్టు. పండ్లబిగువున ఆపుకుంటున్నట్టు.

తలుపు కిర్రుమంది. నర్మద.

"అవ్వా, ఎవ్వలతోటి మాట్లాడుతున్నవ్?"

"ఎవ్వలున్నరు ఈడ?"

"ఇద్దరి సప్పుడు ఇనచ్చింది." నర్మద మూలలు చూసింది. చేతిలో ఇత్తడి గిన్నె. గిన్నెలో పసుపు కలిసిన నువ్వులనూనె. "పెద్దదొరసాని పంపింది. చిన్నదొరసానికి నలుగు పెట్టంగ మిగిలిందట. పొద్దుగూకేటాల్లకు నాకు ఒళ్లంత రాయాల్నట."

ఐలవ్వ చేతులు ఆగిపోయాయి.

ఆ తావు దొరల ఇండ్లల్లో అదొక ఆచారం. పెండ్లికూతురికి నలుగు పెట్టగా మిగిలిన నూనెను వెంట పోయే ఆడబాప ఒంటికి రాస్తారు. నూనె ఎవరి ఒంటికి ఇంకితే వాళ్లు ఇక పెండ్లికూతురి నీడ. ఆమె పోయిన చోటికి పోవాలి, ఆమె మిగిల్చింది తినాలి. ఐలవ్వకూ ఒకప్పుడు రాశారు. ఆ వాసన ఎన్ని స్నానాలకు పోయిందో ఆమెకు గుర్తులేదు.

"మాటిచ్చింది గదనే నాకు."

"ఏమో. గుడ్డలు మూట కట్టుకొమ్మన్నది." నర్మద గిన్నె కింద పెట్టింది. "నేను పోనవ్వా. భైంస ఎంత దూరమే? గాడ ఇంట్ల ఎవ్వలుంటరు? నాకు రాత్రిళ్లు భయమైతది."

ఏం భయమో చెప్పలేదు. ఐలవ్వ అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

నూనె పారబోయడానికి లేదు. నేల మీద పోస్తే పసుపు మరక కనబడుతుంది, పెండ్లికూతురికి అరిష్టం చేసిందని చంపుతారు. తిరిగి పంపడానికీ లేదు. చూస్తే, కొరడాకు పెట్టే ఆముదం నిన్ననే అయిపోయింది. పెండ్లి వంటలకు తీసినంత తీసి తాళం వేసిన నూనెకొట్టు ఇక తెరవరు. ఐలవ్వ ఒకసారి గిన్నె వంక చూసింది, ఒకసారి కొరడా వంక చూసింది. అలసిపోయిన మనిషికి దగ్గర దారే మంచి దారి.

"మెడకు, చేతులకు జర పసుపు పూసుకో. ఎవ్వలన్న అడిగితె అవ్వ రాసిందను," అంది. "పో, బిడ్డా."

నర్మద పోయాక నలుగు నూనె కొరడా మీద పోసింది. గిన్నెడూ పోసింది. పిడి నుంచి కొసకు, ఒకే దిక్కు, రుద్దింది. తోలు తాగింది. గుటకలు వినబడలేదు గానీ వినబడ్డట్టే ఉంది. పగుళ్లు మూతపడ్డాయి. పాయలు ఉబ్బి, ఒకదాన్నొకటి ఒరుసుకుని సర్దుకున్నాయి. చింతపండు రంగు మీదికి ఒక నిగారింపు వచ్చింది... వయసు పిల్ల మెడ మీద వచ్చే నిగారింపు. ఐలవ్వ రెండు చేతుల మధ్య ఎత్తితే అది తనంతట తాను మణికట్టు చుట్టూ వాలింది.

వెచ్చగా ఉంది. నీడలో, చల్లటి గచ్చు మీద ఇంతసేపు పడి ఉన్న తోలు.

రెండు గడియలకు, ఈసారి కక్కింది. అల్లిక సందుల్లోంచి సన్నటి బొట్లు. ఐలవ్వ గుడ్డతో అద్ది వాసన చూసింది. నూనె కాదు. చెమట.

సాయంత్రం జానకీబాయి కొరడాను వంచి చూసింది. ముఖం విప్పారింది. "శంకరి చేతిల గూడ గింత మెత్తగ కాలే," అంది. అన్నాక ఆ పేరు తన నోట్లోంచి వచ్చినందుకు తనే ఒక్క క్షణం ఆగి, కొరడాను గబుక్కున కింద పెట్టేసింది.

*

మూడోరోజు ఐలవ్వ, నర్మద పొద్దుటి నుంచి వెనక దొడ్లో మోదుగాకు విస్తర్లు కుడుతున్నారు. అన్నం వేళకు ఐలవ్వ ప్రమోదిని అర్రలోకి కంచం పట్టుకుని పోయింది.

ప్రమోదినికి పద్దెనిమిదేండ్లు. చెడ్డపిల్ల కాదు. నర్మదకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే, మధ్యలో విసుగొచ్చి మానేసింది గానీ. మంచం మీద బోర్లా పడుకుని నవ్వుతూ అంది:

"ఐలవ్వా, నీ బిడ్డ చేతులు ఎంత గరుకే! నిన్న సందేళ కాడికెల్లి కాళ్లు ఒత్తుతనే ఉన్నది. చాలంటె ఇనదు. ఒక్క మాట మాట్లాడది. నాతోటి వచ్చేటందుకు కోపమా దానికి?"

"నర్మదనా, చిన్నదొరసానీ?"

"ఇంకెవ్వలే? ఎనుక కాళ్లకాడ కూసుంటది, మల్లి చూసేవరకు పోతది. కాని మంచిగ ఒత్తుతది. ముందుగాల మడిమె మీద రెండుమార్లు తడుతది సూడు, పిల్లల జోకొట్టినట్టు. గప్పుడే నిద్ర ముంచుకొస్తది."

ఐలవ్వ కంచం పీట మీద పెట్టింది. మడమ మీద రెండుసార్లు తట్టి మొదలుపెట్టేది ఒక్కతే. జానకీబాయి కాళ్లు పాతికేండ్లు ఒత్తిన మనిషి.

దొడ్లోకి తిరిగి వచ్చింది. నర్మద అక్కడే ఉంది. ఒళ్లో ఆకులు. పుల్లలతో కుట్లు వేస్తోంది. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా లేవలేదు.

భోజనాలయ్యాయి. గడీ పడుకుంది. ఐలవ్వ ఎండలో వాకిలి దాటింది. చెప్పుల్లేని కాళ్లు మాడుతున్నాయి. వసారా ఎక్కింది. ప్రమోదిని అర్ర తలుపు వారగా తెరిచి ఉంది. లోపల కిటికీలకు వట్టివేళ్ల తడికెలు. తడి వాసన. ఆ తడి వాసన కింద ఇంకొకటి... తంగేడు చెక్క. సున్నం. పచ్చితోలు. పసుపు.

తప్... తప్.

ఐలవ్వ గుమ్మం పట్టుకుంది.

ప్రమోదిని బోర్లా పడుకుని నిద్రపోతోంది. ఒక చెయ్యి మంచం పట్టె మీంచి వేలాడుతోంది. చీర పిక్కల దాకా జరిగి ఉంది. కాళ్ల దగ్గర ఎవరూ లేరు.

పిక్క కండ మీద నొక్కు పడింది. నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు. నొక్కు మెల్లగా కిందికి జరిగింది... చీలమండ దాకా. మళ్లీ మీదికి... ఒత్తినచోట తెల్లబడి, వదిలినచోట ఎర్రబడుతోంది. ఎర్రబడిన చోట గీత. చర్మం తట్టుదేలి... సన్నటి, అల్లికలాంటి గీత. ఆ పిల్ల నిద్రలోనే హాయిగా మూలిగింది.

పెండ్లి సామానుతో పాటు కొరడాను తగిలించిన గోడ చిలుకకొయ్య ఖాళీగా ఉంది. మంచం కింద చీకట్లో కొరడా చుట్ట చుట్టుకుని ఉంది. ఊపిరి తీస్తున్నట్టు... ఒక చుట్టు పైకి లేచి, కిందికి దిగింది.

అరవాలి. పిల్లను లేపాలి. ఏమైందో చెప్పాలి... నూనె ఎవరికి పెట్టిందో చెప్పాలి. చెబితే? కొరడాను కాలబెడతారు. ఇంకో గిన్నె నూనె తెస్తారు. ఈసారి ఎదురుగా నిలబడి నర్మద ఒంటికి రాయిస్తారు.

ఐలవ్వ చాలాసేపు నిలబడింది. అప్పుడు, గాలి కూడా వినకూడదన్నట్టు, అడిగింది.

"శంకరక్కా..."

ఒత్తడం ఆగింది.

"నువ్వు పోతవా? గీ పిల్ల ఎంబడి?"

తడికె మీంచి నీటిబొట్టు రాలింది. ఇంకొకటి. ఎంతసేపటికీ ఏమీ లేదు.

తప్... తప్.

ఈసారి చప్పుడు మంచం మీది నుంచి కాదు. ఐలవ్వ మడమ మీద. గరుకు అరచెయ్యి. వెచ్చగా ఉంది.

ఐలవ్వ వెనక్కి తిరగలేదు. బయటికి వచ్చింది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. పిల్ల నిద్ర చెడకూడదన్నట్టు, ఎంతో జాగ్రత్తగా వేసింది.

*

మర్నాడు పొద్దున లగ్నమైంది. వెండి గిన్నెల పక్కన పళ్లెంలో పెట్టి కొండల్‌రావు అల్లుడికి కొరడా ఇచ్చాడు. అల్లుడు ఒకసారి గాలిలో విదిలించి, మెత్తదనానికి మెచ్చుకుని, పెండ్లాం సామానులో పెట్టమన్నాడు. అల్లుడితో సహా మగపెండ్లివారంతా జీపుల్లో ముందే వెళ్లిపోయారు. ఎండ తగ్గాక, పరదాలు కట్టిన సవారి కచ్చరం గడీ ముందర ఆగింది. బండి తోలేది సిద్దిరాములు. ప్రమోదిని ఏడ్చి ఏడ్చి బండెక్కింది. పరదా పడింది.

"నర్మదా," అంది జానకీబాయి. "ఎక్కు."

నర్మద తల్లి చెయ్యి పట్టుకుంది. ఐలవ్వ ముందుకొచ్చింది.

"దొరసానీ, మాటిచ్చినవ్. కొరడ మెత్తగైంది గద."

"అయింది. అయితె ఏంది? నలుగు నూనె రాసుకున్న పోరి ఈడుంటే ఇంటికి మంచిదా? ఆచారం నాకంటె నీకెక్కువ ఎరుకనా? ఎక్కుమను. పొద్దుపోతున్నది."

రాయలేదు, దొరసానీ, ఆ నూనె నా పోరికి రాయలేదు. మాట ఐలవ్వ పెదాల దాకా వచ్చింది. నర్మద కాలు అప్పటికే బండి మెట్టు మీద ఉంది.

పరదా లోపలి నుంచి ప్రమోదిని గొంతు వినబడింది. "ఇద్దరెందుకు, నాయనమ్మా? ఒకామె ఎక్కి కూసున్నది గద."

జానకీబాయి బండి దగ్గరికి వచ్చింది.

"ఎవ్వలే ఎక్కింది?"

"గీమె. నీ పుట్టినింటామెనట. నిన్ను అడుగుతున్నది... మంచిగున్నవా అని."

జానకీబాయి పరదా కొస పట్టుకుని వేలెడంత తొలగించింది. లోపల ఏం చూసిందో ఎవరికీ తెలియదు. ఆమె నోరు మాత్రం తెరుచుకునే ఉండిపోయింది. లోపల మనుమరాలుంది. చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది. ఆ ఇంట్లో ఆమె ముద్దు చేసి పెంచిన ప్రాణం అదొక్కటే. దిగవే అని ఒక్క మాట అంటే దిగేది.

జానకీబాయి పరదా వదిలేసింది. రెండడుగులు వెనక్కి వేసింది. వీపు గోడకు ఆనేదాకా పోయింది.

"పోనియ్యి," అంది. మళ్లీ అరిచింది. "పోనియ్యిరా, సిద్దిరాములూ! ఎడ్లను అదిలియ్యి! పోరిని దించు, బరువైతది... పోనియ్యి!"

నర్మద మెట్టు దిగింది. బండి కదిలింది. ఐలవ్వ, జానకీబాయి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఇరవై ఏండ్ల పరిచయం. ఇద్దరూ ఒకే పని చేశారని తెలిసి చూసుకోవడం అదే మొదటిసారి.

*

ఎనిమిదోరోజు సిద్దిరాములు తిరిగి వచ్చాడు. ఎడ్లను కట్టేసి, నీళ్లు తాగడానికి వెనక వసారాకు వచ్చాడు. ఐలవ్వ చెంబు ఇచ్చింది. నర్మద లోపల పడుకుని ఉంది. వారం రోజులుగా ఆ పిల్ల హాయిగా నిద్రపోతోంది. ఐలవ్వే పోవడం లేదు.

"మంచిగ చేరిండ్లా?" అని అడిగింది.

సిద్దిరాములు నీళ్లు తాగాడు. చాలాసేపు చెంబు దించలేదు.

"గోదారి దాక ఇద్దరి ముచ్చట్లు ఇనచ్చినయక్కా. నవ్వులు గూడ. గోదారి దాటినంక చిన్నదొరసాని సప్పుడు లేదు. రెండోది ఒక్కతే మాట్లాడింది. నిర్మల్ దాక, గాడికెల్లి భైంస దాక... ఆగకుంట. ఎన్నేండ్లాయెనో నోరిప్పక, అట్ల మాట్లాడింది."

"ఏమన్నది?"

"నేను ఎడ్ల మెడ గంటలు కొట్టుకుంట పోయిన. ఇనలే. ఇనబుద్ధి కాలే."

ఐలవ్వ చెంబు అందుకుంది. సిద్దిరాములే మళ్లీ గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"భైంసల ముంగటి దర్వాజ కాడ హారతి పట్టుకొని అందరు నిలవడ్డరు. చిన్నదొరసాని దిగింది. దిగి, చెప్పులిడిసి చేతుల పట్టుకున్నది. ఎవ్వల మొకం చూడలే. గోడ పొంటి నడుసుకుంట ఎనుక దర్వాజకు పోయి, గాడ కింద కూసున్నది. గా ఇంటికి ఎనుక దర్వాజ ఏ దిక్కున్నదో గా పిల్లకెట్ల ఎరుక, అక్కా?"

"పిలువలేదా ఎవ్వలు?"

"ఎవ్వలు పిలువలే. ఎవ్వలు చూసినట్టే లేరు."

"మరి హారతి?"

"ఇచ్చిండ్లు."

"ఎవ్వలకు?"

సిద్దిరాములు తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక కూడా గుడ్డ ముఖానికే అదుముకుని ఉన్నాడు.

"అల్లుడు నిలవడ్డడు. అల్లుని పక్కకు... నాకు ఎవ్వలు అగుపడలే. గాడికే హారతిచ్చిండ్లు. పేరు చెప్పిచ్చిండ్లు. ముసలోళ్లు, పోరగాండ్లు అందరు అక్షింతలు ఏసిండ్లు. నేను ఎడ్లను ఇప్పుకుంట చూస్తనే ఉన్న, అక్కా... గిన్ని అక్షింతలు. ఒక్కటి గూడ కింద పడలే."